చేయి అందని రిపేరు

మిర్యాలగూడ రైస్ మిల్లులో సార్టెక్స్ మిషన్ మొరాయిస్తే పని ఆగుతుంది. బియ్యం జారుతుంటే కెమెరా చూస్తుంది, నల్లగింజ కనబడగానే గాలి చిమ్మి పక్కకు తోస్తుంది. ఒక వరుసలో నల్లగింజ దాటిపోతోందంటే, తెలిసిన మెకానిక్ ముందే కొత్త సర్క్యూట్ కార్డు అడగడు. పక్క వరుస కార్డు తీసి ఇందులో పెడతాడు, దీన్ని అందులో పెడతాడు. తప్పు కార్డు వెంట వెళ్లిందా, కార్డు పోయినట్టే. ఉన్నచోటే ఉందా, వైరో పవర్ సప్లయో చూడాలి. సూర్యాపేటలోనో కోదాడలోనో దొరకని కార్డు హైదరాబాద్ నుంచి బస్సు పార్సిల్లో వస్తుంది.

భూమి చుట్టూ తిరిగే హబుల్ టెలిస్కోప్‌కు ఏ పార్సిలూ రాదు. వ్యోమగాములు చివరిసారి వెళ్లి బాగుచేసింది 2009లో. 2021 జూన్ 13న దాని పరికరాలను నడిపే కంప్యూటర్ ఆగిపోయింది. ముందు అనుమానం మెమరీ మీద పడింది. స్పేరు మెమరీకి మారదామంటే ఆదేశాలు సగంలోనే నిలిచాయి. స్పేరు కంప్యూటర్ని లేపారు, అదే తప్పు. ఏది మార్చినా తప్పు కదలలేదంటే, వీటన్నిటికీ ఉమ్మడిగా ఉన్నదేదో చూడాలి. రిటైరైన ఇంజనీర్లను పిలిచారు, ముప్పై నలభై ఏళ్ల నాటి కాగితాలు దులిపారు. చూపు కరెంటు సరఫరా యూనిట్ మీద ఆగింది. నిలకడగా 5 వోల్టులు ఇవ్వాల్సిన యూనిట్ అది. ఓల్టేజీ గీత దాటితే కంప్యూటర్ని ఆపేసే కాపలా సర్క్యూట్ కూడా అందులోనే ఉంది. ఓల్టేజీ తప్పిందో, కాపలాదారే పాతబడి మొండికేశాడో తేల్చుకునే వీల్లేకపోయింది. తేల్చుకోవాల్సిన అవసరమూ రాలేదు. జూలై 15న స్పేరు యూనిట్‌కు మారారు, రెండు రోజులకు పరిశీలనలు మళ్లీ మొదలయ్యాయి. కారణం పూర్తిగా తెలియకుండానే పని జరిపించుకోవడం ఈ వృత్తిలో చిన్నతనం కాదు.

మన ఖగోళ ఉపగ్రహం ఆస్ట్రోశాట్ కథ ఇంత సుఖాంతం కాదు. 2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ30 మీద వెళ్లింది. దాని అతినీలలోహిత టెలిస్కోప్‌లో డిటెక్టర్లకు వేల వోల్టులు కావాలి. మిరుమిట్లు గొలిపే నక్షత్రం ఎదురైతే ఆ హై ఓల్టేజీ తనంతట తానే తగ్గిపోయే ఏర్పాటుంది. దక్షిణ అట్లాంటిక్ మీదుగా పోయేటప్పుడు ఆవేశిత కణాల తాకిడి ఎక్కువ. అక్కడ కొన్ని పరికరాలను కావాలనే ఆపుతారు. అంటే డేటాలో కనబడే ప్రతి ఖాళీ చెడిపోవడం కాదు, ఏది కావాలని ఆపిందో, ఏది చెడిపోయిందో ముందు విడదీయాలి.

2018 మార్చి మాత్రం నిజంగా చెడ్డ నెల. సమీప అతినీలలోహిత డిటెక్టర్ ఆగింది, తిరిగి లేవలేదు. ఉపగ్రహంలోని మూడు పెద్ద ఎక్స్‌రే కౌంటర్లలో ఒకదాని గ్యాస్ కారిపోవడంతో దాని హై ఓల్టేజీ తీసేశారు. ఇంకొకటి నిలకడ తప్పింది. గ్యాస్ కారితే ఏ స్పేరు కార్డూ ఆదుకోదు. 

మిగిలినవాటితో బండి నడిచింది. 930 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన ఉన్న గెలాక్సీ వెలుగును దూర అతినీలలోహిత డిటెక్టర్ పట్టింది. ఆ పరిశీలన ఈ చెడ్డ నెలకు ముందు, 2016 నాటిదే అయినా, పుణెలోని ఖగోళ పరిశోధన సంస్థ ఐయూకా బృందం దాన్ని 2020లో ప్రకటించింది. ఐదేళ్లకని కట్టిన ఉపగ్రహం 2025లో పదేళ్లు దాటింది. పరిశీలన సమయం కోరే శాస్త్రవేత్తలు ఏ డిటెక్టర్ ఉంది, ఏది లేదు అని చూసుకునే దరఖాస్తు రాస్తున్నారు. ఎక్స్‌రే లెక్కలకు మూడింటిలో నిలకడగా మిగిలిన రెండో కౌంటర్‌నే నమ్ముకుంటున్నారు.