తగువు తీరకుండానే కలిసిన సంఘాలు

డోర్నకల్ ఉమ్మడి వరంగల్ జిల్లాలోని రైల్వే జంక్షన్. క్రైస్తవ సంఘాల ఐక్యత చరిత్ర రాసేవాళ్లెవరూ డోర్నకల్‌ను దాటిపోలేరు.

వందేళ్ల కిందట తెలుగునాట ఒక ఊరు ఏ శాఖలో ఉందన్నది ఆ ఊరికి ముందు ఏ మిషన్ వచ్చిందన్న దాన్నిబట్టి ఉండేది. మెదక్‌లో మెథడిస్టులు, ఒంగోలులో బాప్టిస్టులు, గుంటూరులో లూథరన్లు, బందరులో ఆంగ్లికన్లు. మెదక్ విశ్వాసి డోర్నకల్‌లో ఆంగ్లికన్ ఆరాధనకు వెళ్తే, బిషప్ చేతుల మీదుగా నిర్ధారణ పొందలేదు కాబట్టి, నియమం ప్రకారం ప్రభు భోజనంలో పాలుపంచుకునే వీలుండేది కాదు. ఇంగ్లండులో పుట్టిన తగాదాను తెలుగు పల్లెలు మోశాయన్నమాట!

దీన్ని సహించలేనివారిలో ముఖ్యుడు వేదనాయకం శామ్యూల్ అజరయ్య. 1912లో డోర్నకల్ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు. 1919లో తరంగంబాడిలో వివిధ శాఖల కాపరులు కూడి ఐక్యతకు పిలుపునిచ్చినప్పుడు ముందు నిలిచారు. ఆ పిలుపు నెరవేరడానికి 28 ఏళ్లు పట్టింది.

ఎందుకంత ఆలస్యం? చిక్కంతా అభిషేకం దగ్గర. బిషప్ చేతులుంచని మెథడిస్టు అయ్యగారు ఆంగ్లికన్ గుడిలో రొట్టె విరవవచ్చా? మళ్లీ అభిషేకం చేయించుకోమంటే, ఇన్నాళ్ల సేవ చెల్లదని ఒప్పుకున్నట్టే. చివరికి మధ్యేమార్గం దొరికింది. పాతవారందరినీ ఉన్నట్టే అంగీకరించాలి. కొత్తవారిని మాత్రం బిషప్పులే అభిషేకించాలి. మనస్సాక్షి ఒప్పుకోని కాపరిని ఏ సంఘం మీదా రుద్దకూడదు. ఈ ఏర్పాటు 30 ఏళ్ల గడువుకు. సిద్ధాంతం తేలేదాకా ఆగకుండా, తేలని ప్రశ్నతోనే కలిసి బతకడం ఎలాగో రాసుకున్నారు. ఆ ఒప్పంద పత్రాల్లో అసలు తెలివి ఇదే. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథెడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం, అంటే సి.ఎస్.ఐ., ఏర్పడింది. అజరయ్య అప్పటికే 1945 జనవరి 1న కన్నుమూశారు.

బైబిలు కూడా తగాదాలను దాచలేదు. కొరింథులో పౌలు వర్గం, అపొల్లో వర్గం, కేఫా వర్గం. అక్కడే ప్రభు భోజనానికి కూడినప్పుడు ఉన్నవాళ్లు ముందే తినేస్తే లేనివాళ్లు ఆకలితో కూర్చున్నారు. పౌలు కోపం ముఖ్యంగా దాని మీదే. మత్తయి సువార్త చెప్పే పద్ధతి ఇంకా సూటిగా ఉంటుంది: మొదట ఒంటరిగా వెళ్లి మాట్లాడు, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకో, ఆ తర్వాతే సంఘానికి చెప్పు. మనవాళ్లు చాలాచోట్ల మొదటి రెండు మెట్లూ ఎగరేసి నేరుగా కోర్టు మెట్లెక్కుతారు. విశ్వాసులు ఒకరిమీదొకరు వ్యాజ్యాలకు పోవడాన్ని కూడా పౌలు తప్పుపట్టాడు. ఆయనైనా మార్కును వెంట తీసుకెళ్లే విషయంలో తోటి సేవకుడు బర్నబాతో పడక వేరే దారి పట్టినవాడే.

శాఖలు కలిసినా మాల, మాదిగ పల్లెల మధ్య గీత అంత తేలిగ్గా చెరగలేదు. మిషన్ల మధ్య ఒప్పందం కుదర్చడం కంటే ఒకే పాత్రలో ద్రాక్షరసం తాగించడం కష్టమైన పని.

బాప్టిస్టులూ లూథరన్లూ సి.ఎస్.ఐ. కలయికలో చేరలేదు. నంద్యాల ప్రాంతంలోని ఆంగ్లికన్లలో చాలామంది కూడా 1947లో బయటే ఉండిపోయారు. వారి కోసం 1963లో వేరే డయాసిస్ కూడా ఏర్పడింది. అది సి.ఎస్.ఐ.లో కలిసింది 1975లో.