పరుగెత్తే బిడ్డలకు ఉప్పు, నీళ్లు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు ఏ ఊరికి వెళ్లినా తెల్లవారుజామున రోడ్డు వెంట పరుగెత్తే మన బిడ్డలు కనబడతారు. ఒకరికి పోలీసు ఉద్యోగం కావాలి, మరొకరికి మిలిటరీ. తల్లులు మమ్ములను అడిగేది ఒక్కటే: "అయ్యగారూ, ఉప్పునీళ్లు తాగించి పంపాలా?"

పోలీసు ఎంపికలో మగపిల్లలకు 1600 మీటర్ల పరుగు. కొద్ది నిమిషాల్లో అయిపోయే దానికి వేరే ఉప్పు అక్కరలేదు. మన పచ్చళ్లలో ఉన్నదే ఎక్కువ. అటవీ బీట్ ఆఫీసరు పరీక్ష అలా కాదు. పురుషులు 4 గంటల్లో 25 కిలోమీటర్లు నడవాలి. అంతసేపు చెమట కారితే నీటితోపాటు ఉప్పూ పోతుంది. ఉప్పు వేసిన పలుచని సల్ల గాని గంజి గాని మధ్యమధ్య తాగనివ్వండి. అవి లేకపోతే లీటరు మంచినీటిలో 6 చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, తలకొట్టి. పేగులు ఉప్పును, నీటిని త్వరగా పీల్చుకోవడానికి ఆ చక్కెర అవసరం. ఉప్పు గుప్పిటతో వేస్తే వాంతులే.

దాహం లేకపోయినా చెంబులకు చెంబులు తాగడం కూడా ప్రమాదమే. 2002 బోస్టన్ మారథాన్‌లో రక్తం పరీక్షించిన 488 మందిలో 13 శాతం మందికి సోడియం తగ్గిపోయింది. పరుగులో బరువు పెరిగేటంతగా నీళ్లు తాగినవారికే ఆ ముప్పు ఎక్కువ.

2024లో జార్ఖండ్ ఎక్సైజ్ కానిస్టేబుల్ ఎంపికలో 10 కిలోమీటర్ల పరుగు పెట్టారు. పలువురు అభ్యర్థులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. కాబట్టి బిడ్డ తూలుతున్నా, మాట తడబడినా పరుగు ఆపించండి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో ఏమీ పోయకండి. నీడకు చేర్చి, ఒంటిమీద చల్లని నీళ్లు పోసి, విసురుతూ, వెంటనే 108కి ఫోన్ చేయండి.