చుక్కలు కలిస్తే బొమ్మ – బొమ్మలు కలిస్తే కథ

మీ ఇంట్లో పాత రంగుల బొమ్మల కథల పుస్తకం ఏదైనా ఉంటే తీయండి. బడిలోని భూతద్దం అడిగి తెచ్చుకుని, అందులోని పచ్చని చెట్టు మీద పెట్టి చూడండి. చెట్టు మాయమైపోతుంది! దాని బదులు పసుపు చుక్కలు, నీలి చుక్కలు కనిపిస్తాయి. ఆకుపచ్చ సిరా అక్కడ ఎక్కడా ఉండదు.

రంగుల అచ్చుకు సాధారణంగా వాడే సిరాలు నాలుగే. నీలం, గులాబీ ఛాయగల ఎరుపు, పసుపు, నలుపు. ఈ నాలుగింటి చుక్కలను చిన్నవిగా, పెద్దవిగా మార్చి వందల ఛాయలు పుట్టిస్తారు. చదివే దూరంలో ఆ చుక్కలను మన కన్ను విడదీయలేదు. అన్నిటినీ కలిపి ఒకే రంగుగా చూస్తుంది. సంక్రాంతి ముగ్గులో చుక్కలను అమ్మ చేయి కలుపుతుంది. ఇక్కడ ఆ పని కన్ను చేస్తుంది, అంతే తేడా.

గీయని బొమ్మ

చుక్కలను కన్ను కలిపితే, బొమ్మలను మెదడు కలుపుతుంది. ఒక గడిలో కొబ్బరిచెట్టు మీద దింపు తీసే మనిషి కత్తి ఎత్తాడు. పక్క గడిలో చెట్టు కింద కామందుగారు తల పట్టుకుని కూర్చున్నారు. కాయ రాలడం ఎవరూ గీయలేదు. అయినా మీరు దాన్ని చూశారు! చెట్టు ఎత్తు 10 మీటర్లయితే కాయ నేలను చేరడానికి సుమారు 1.4 సెకన్లు పడుతుంది. ఆ కాలమంతా రెండు గడుల మధ్యనున్న తెల్లని సందులో దాగి ఉంది.

మా కపిలేశ్వరపురం హరికథా పాఠశాలకు పేరుపొందిన ఊరు. హరికథలో చెప్పేది ఒక్కరే. మాట వినిపిస్తుంది, బొమ్మను వినేవాడు ఊహించుకోవాలి. బొమ్మల కథలో బొమ్మ కనిపిస్తుంది, గొంతునూ కదలికనూ చదివేవాడు ఊహించుకోవాలి. రెండింటిలోనూ సగం పని మనదే.

మనకు కొత్తా?

ఈ కళ పడమటి దేశాలకే సొంతమనుకోకండి. క్రీ. శ. రెండవ శతాబ్దం నాటి అమరావతి శిల్పం ఒకటి చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. గుండ్రని ఆ ఫలకంలో నాళాగిరి అనే మదపుటేనుగు ఒకవైపు మనుషులను తొక్కుతూ పరుగెత్తుతుంది. మరోవైపు అదే ఏనుగు బుద్ధుని పాదాల ముందు మోకరిల్లుతుంది. ఉన్నవి రెండు ఏనుగులు కావు. ఒకే ఏనుగు, రెండు క్షణాలు! తెలంగాణలోని చేర్యాల నకాషీ చిత్రకారులు పొడవాటి గుడ్డ మీద వరుస గడులుగా కథ గీస్తారు. కథకులు ఆ పటాన్ని ఊరూరా తీసుకువెళ్ళి, ఒక్కొక్క గడే చూపుతూ కథ చెప్పేవారు.

బడిపంతులు వేసిన నాంది

ఇక ఐరోపాలో ఈ కళకు బాట వేసినవాడు ఒక బడిపంతులే. జెనీవాకు చెందిన రొడాల్ఫ్ టాప్‌ఫర్ 1827 నుంచి గడులలో బొమ్మలు, వాటి కింద మాటలు వేసి సరదా కథలు అల్లాడు. 1833లో మొదటి పుస్తకం అచ్చయింది.

తర్వాత రంగుల అచ్చుయంత్రాలు వచ్చాయి. న్యూయార్క్ పత్రికలు పాఠకుల కోసం పోటీ పడ్డాయి. ఆ పోటీలో రిచర్డ్ అవుట్‌కాల్ట్ గీసిన పసుపు చొక్కా పిల్లవాడు ఊరంతటికీ ముద్దుబిడ్డ అయ్యాడు. 1896 అక్టోబరు 25న వచ్చిన అతని బొమ్మల కథలో ఒక ఫోనోగ్రాఫు మాట్లాడుతుంది. తీరా చూస్తే పెట్టెలో ఉన్నది చిలుక! ఆ మాటలను బుడగలలో రాశారు. ఈనాటికీ బొమ్మల కథల్లో మాటలు ఆ బుడగలలోనే ఉంటాయి. 1938లో జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు బడి స్నేహితుల సూపర్‌మాన్ అచ్చులో కనిపించాడు. ఇక కామిక్ పుస్తకాలకు తిరుగులేకపోయింది.

బోనులో బొమ్మలు

అంతలో ఒక అభియోగం వచ్చింది. బొమ్మల కథలు పిల్లలను చెడగొడుతున్నాయని 1954లో ఫ్రెడ్రిక్ వెర్తామ్ అనే మానసిక వైద్యుడు పుస్తకం రాశాడు. ఆయన దుర్మార్గుడేమీ కాదు, న్యూయార్క్‌లో పేదల కోసం వైద్యశాల నడిపినవాడు. అమెరికా సెనేట్ విచారణ జరిపింది. ప్రచురణకర్తలు భయపడి తమకు తామే కఠినమైన నియమావళి పెట్టుకున్నారు. ఎన్నో పుస్తకాలు ఆగిపోయాయి. ఆ నియమావళి 2011 దాకా ఏదో రూపంలో బతికింది.

అసలు సంగతి 2012లో బయటపడింది. కేరల్ టిల్లీ అనే పరిశోధకురాలు వెర్తామ్ వదిలివెళ్ళిన కాగితాలను పుస్తకంతో పోల్చి చూశారు. ఆయన కొందరు పిల్లల మాటలను మార్చారు. వాళ్ళ కష్టాలకు ఉన్న ఇతర కారణాలను వదిలేశారు. ముందు తీర్పు రాసుకుని తర్వాత సాక్ష్యం వెతికారన్నమాట! ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ లెక్క దిద్దితే అది శాస్త్రం కాదు.

ఇతరులనెందుకు అనాలి? ఉద్యోగంలో చేరిన కొత్తలో పాఠం మధ్య ఒక కుర్రవాడి నోటుపుస్తకం లాక్కుని బల్ల సొరుగులో పడేశాను. పేజీ నిండా బొమ్మల గడులు! సాయంత్రం తీసి చూస్తే, ఒక ఎర్ర రక్తకణం గుండెలో బయలుదేరి ఊపిరితిత్తులకు వెళ్ళి, ఆక్సిజన్ మూట నెత్తిన పెట్టుకుని తిరిగి గుండెకు వస్తోంది. నేను చెప్పిన పాఠమే. నాకంటే బాగా చెప్పాడు. మర్నాడు అతన్నే పిలిచి నల్లబల్ల మీద గీయించాను.

మన బొమ్మల మేస్త్రీలు

మన భాషలో 1947 జులైలో మొదలైన చందమామ పేజీపేజీకీ బొమ్మతో కథ చదవడం నేర్పింది. మన గోదావరి సీమ కవి దేవులపల్లి కృష్ణశాస్త్రి కుమారుడు బుజ్జాయి, తెలుగులో 'డుంబు' గీశారు. ఇల్లస్ట్రేటెడ్ వీక్లీలో పంచతంత్రాన్ని బొమ్మల కథగా గీసి దేశమంతా చూపారు. 1967లో అనంత్ పాయ్ అమర చిత్ర కథ ప్రారంభించారు. ఆయన చదివింది రసాయన శాస్త్రం! వసిష్ఠ దాటితే వచ్చే నరసాపురంలో 1933లో పుట్టిన బాపు, తాను తీయబోయే సినిమాను ముందుగా బొమ్మల గడులుగా కాగితం మీద గీసుకునేవారు.

ఈ బొమ్మలు చంద్రుని దాకా కూడా వెళ్ళాయి. 1969 మే నెలలో చంద్రుని చుట్టూ తిరిగిన అపోలో 10 నౌకలకు వ్యోమగాములు పెట్టిన పేర్లు చార్లీ బ్రౌన్, స్నూపీ. రెండూ ఒక బొమ్మల కథలోని పాత్రలే.

ఇప్పుడు మీ వంతు. నీటి ఆవిరి మేఘమై, వానై, గోదావరిలో కలిసే కథను నాలుగే గడుల్లో గీయండి. ఏది గీయాలి, ఏది సందులో వదలాలి అని ఆలోచించండి. పాఠం సరిగా అర్థమయితేనే ఆ సందు కుదురుతుంది. గీశాక మీ సైన్సు మాస్టారికి చూపించండి. ఆయన లాక్కుంటే కంగారుపడకండి. సాయంత్రం తప్పకుండా చూస్తారు!