ఆ బండి ఎవరిది?

వీధి మలుపులో ఓ కారు. నాలుగు టైర్లలోనూ గాలి లేదు. అద్దాల మీద పేరుకున్న దుమ్ములో పిల్లలెవరో వేలితో పేర్లు రాశారు. బానెట్ మీద పిల్లి కాపురం, కింద కుక్కపిల్లల సంసారం. చెత్త ఊడ్చే ఆమె దాని చుట్టూ ఊడ్చి వెళ్లిపోతుంది. పాలబ్బాయి దాన్ని దాటుకుని సైకిల్ మలుపు తిప్పుతాడు. కొత్తవాళ్లకు ఇంటి గుర్తు చెప్పేటప్పుడు ‘ఆ పాత కారు పక్క సందు’ అంటారు.

అంత అలవాటైపోయింది! మీ వీధిలోనూ ఇలాంటి బండి ఒకటి ఉండే ఉంటుంది. కారు కాకపోతే ఆటో, ఆటో కాకపోతే సీటు ఊడిన స్కూటరు. ఇంతకీ అది ఎవరిది? దాన్ని తీయాల్సింది ఎవరు? నెలల తరబడి అక్కడే ఎందుకు ఉంటోంది?

ఆటస్థలం కాదు... ఉచ్చు!

‘ఉంటే ఉంది, మనకేం నష్టం?’ అనుకుంటాం. నష్టం ఉంది. అదీ ముందుగా పిల్లలకే.

2025 ఏప్రిల్‌లో రంగారెడ్డి జిల్లా చేవెళ్ల మండలం దామరగిద్దలో ఇద్దరు చిన్నారులు ఆడుకుంటూ ఆగి ఉన్న కారెక్కారు. తలుపులు పడిపోయాయి. ఊపిరాడక ప్రాణాలు పోయాయి. నెల తిరిగిందో లేదో, మే నెలలో విజయనగరం జిల్లా ద్వారపూడిలో అదే ఘోరం. ఈసారి నలుగురు పిల్లలు. ఇవి వదిలేసిన బండ్లు కావు, నిలిపి ఉంచిన కార్లు. కానీ ఒక్కసారి ఆలోచించండి. యజమాని తిరిగొచ్చే కారే ఇంత పని చేస్తే, ఎవరూ రాని కారు మాటేమిటి? దాని తాళాలు పనిచేయవు. లోపలి పిడులు విరిగిపోయి ఉంటాయి. దుమ్ము పట్టిన అద్దాల్లోంచి లోపల ఎవరున్నారో కనిపించదు. ఎండలో మూసి ఉన్న కారులో పది నిమిషాల్లోనే వేడి సుమారు 10 డిగ్రీలు పెరుగుతుంది. పెద్దవాళ్లకన్నా పిల్లల ఒళ్లు త్వరగా వేడెక్కుతుంది.

ఇక వానాకాలం సంగతి. పాత టైర్లలో, సొట్టపడిన టాపు మీద నిలిచిన నీళ్లు డెంగీ దోమకు పురిటిల్లు. గుడ్డు దోమగా మారడానికి వారం, పది రోజులు చాలు. నీళ్లు ఎండిపోయినా గుడ్లు నెలల తరబడి బతికే ఉంటాయి, మళ్లీ వాన పడగానే పొదుగుతాయి. బ్యాటరీలో సీసం, ఆమ్లం ఉంటాయి. ఇంజినులో నూనె ఉంటుంది. కారితే అవి చేరేది మన నేలలోకే.

భద్రత మాట సరేసరి. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో పేలిన బాంబులను పెట్టింది సైకిళ్ల మీదే. 2021 ఫిబ్రవరిలో ముంబయిలో ఓ పారిశ్రామికవేత్త ఇంటి దగ్గర వదిలేసిన కారులో జిలెటిన్ కడ్డీలు దొరికి దేశమంతా ఉలిక్కిపడింది. వదిలేసిన ప్రతి బండీ బాంబు కాదు. కానీ నెలల తరబడి అడ్డదిడ్డంగా పడి ఉన్న బండ్లను చూసి చూసి మన కన్ను అనుమానించడం మానేస్తుంది. అసలు ప్రమాదం అదే.

పది గంటలు దాటితే...

చట్టం లేదా అంటే, ఉంది. మోటారు వాహనాల చట్టం 1988లోని 127వ సెక్షన్ ఇలాంటి బండ్ల కోసమే పుట్టింది. బహిరంగ స్థలంలో ఓ వాహనాన్ని 10 గంటలు, అంతకుమించి ఎవరూ పట్టించుకోకుండా వదిలేస్తే దాన్ని క్రేన్‌తో తరలించడానికి గానీ, చక్రానికి తాళం వేయడానికి గానీ ఆ ప్రాంతపు యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి అనుమతి ఇవ్వొచ్చు. కాలిపోయిన బండో, ముక్కలైన బండో రాకపోకలకు ప్రమాదకరంగా ఉంటే పది గంటలు కూడా ఆగక్కర్లేదు. వెంటనే తీసేయొచ్చు. ఆ ఖర్చంతా యజమానిదే. జరిమానా వేరే. రాకపోకలకు అడ్డంగా బండి పెడితే చెల్లించాల్సింది ఒకప్పుడు గంటకు 50 రూపాయల వరకు ఉండేది. 2019 సవరణ తర్వాత అది 500 రూపాయల వరకు అయింది.

మరి మున్సిపాలిటీ మాటేమిటి? రోడ్డు వాళ్లది. రోడ్డు మీద అడ్డంగా పెట్టిన సామాన్లు తీసే అధికారం కార్పొరేషన్ చట్టాల్లోనూ ఉంది. కానీ బండి అంటే ఇసుక కుప్పో, తోపుడుబండో కాదు. దానికో నంబరు ఉంది, ఆ నంబరు వెనక ఓ మనిషి ఉన్నాడు. అది దొంగిలించిన బండి కావచ్చు, నేరంలో వాడింది కావచ్చు. అప్పు తీరకపోతే దానిమీద ఫైనాన్స్ కంపెనీకీ హక్కుంటుంది. అందుకే కార్పొరేషన్ సిబ్బంది ఒంటరిగా చెయ్యి వేయడానికి జంకుతారు. పోలీసులకేమో తీసుకెళ్తే ఎక్కడ పెట్టాలన్న బెంగ. ఈ రెండింటి మధ్యా బండి హాయిగా నిద్రపోతుంది!

ఆరు నెలల నిరీక్షణ

తీసుకెళ్లాక కథ అయిపోయిందనుకుంటే పొరపాటే. అసలు కథ అక్కడే మొదలు. ముందు రిజిస్ట్రేషన్ నంబరు, ఇంజిను నంబరు, ఛాసిస్ నంబరు చూసి యజమాని ఎవరో వెతకాలి. దొంగతనం కేసు ఉందేమో చూడాలి. ఎవరూ దొరక్కపోతే ప్రకటన ఇవ్వాలి.

హైదరాబాద్ చుట్టుపక్కల ఈ పనికి ఇప్పటికీ ఆధారం నిజాం కాలంనాటి చట్టమే అంటే ఆశ్చర్యం కలుగుతుంది. దాని పేరు హైదరాబాద్ నగర పోలీసు చట్టం, 1348 ఫస్లీ. మన లెక్కలో 1938-39. సైబరాబాద్ పోలీసులు తమ 2004 నాటి చట్టంతో పాటు దీన్నీ చూపిస్తూ ఎవరూ రాని వాహనాల జాబితా ప్రకటించారు. హక్కుదారులు ఎవరైనా ఉంటే ఆరు నెలల్లోగా కాగితాలతో రావాలి. రాకపోతే వేలం. దేశమంతటికీ వర్తించే భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో కూడా సొంతదారు తెలియని సొత్తుకు ఆరు నెలల గడువే ఉంది.

ఎందుకింత ఆలస్యం? ఎవరి ఆస్తినీ వాళ్లకు చెప్పకుండా అమ్మకూడదు కాబట్టి. ఆసుపత్రిలో ఉన్నవాళ్లదో, దూరదేశం వెళ్లినవాళ్లదో కూడా కావచ్చు కదా! గడువు పెట్టడం న్యాయమే. చిక్కల్లా గడువు ముగిశాక కూడా బండి కదలకపోవడంతోనే.

కేసుల్లో పట్టుబడ్డ వాహనాల గతి చూడండి. ఏ ఠాణాకు వెళ్లినా ప్రహరీ పక్కన తీగలు అల్లుకున్న బండ్లు కనిపిస్తాయి. దీనిమీద సుప్రీంకోర్టు 2002లోనే, గుజరాత్‌నుంచి వచ్చిన సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో గట్టిగా చెప్పింది. బండ్లను ఏళ్ల తరబడి ఠాణాల్లో తుప్పు పట్టించడంవల్ల ఎవరికీ ఉపయోగం లేదు, ఫొటోలు తీసుకుని పూచీకత్తుమీద యజమానికి ఇచ్చేయండి అంది. ఎవరూ రాకపోతే బీమా కంపెనీకి చెప్పండి, వాళ్లూ తీసుకోకపోతే వేలం వేయండి, ఇదంతా ఆరు నెలల్లో తేలిపోవాలి అంది. ఆ మాట అమలు కావడం లేదని బీమా సంస్థల మండలి మళ్లీ కోర్టు మెట్లెక్కింది. ఆ కేసులో మొదటి ప్రతివాది ఎవరనుకున్నారు? మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమే! 2002 నాటి ఆదేశాలను పాటించి తీరాలని 2010లో కోర్టు మరోసారి చెప్పాల్సి వచ్చింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త సంహితలో ఈ గడువులు ఇంకా తగ్గాయి. కోర్టు ముందుకొచ్చిన సొత్తు వివరాలు 14 రోజుల్లో రాయాలి, ఆ తర్వాత 30 రోజుల్లో దాన్ని ఏం చేయాలో తేల్చాలి.

వదిలేసినా వదలదు

బండిని వీధిలో వదిలేసిన ఆసామి ఏమనుకుంటాడు? ‘పీడా పోయింది’ అనుకుంటాడు. కానీ పోలేదు. ఆర్‌సీలో పేరు ఉన్నంతకాలం ఆ బండి అతనిదే.

ఎవరో దాన్ని బాగుచేసి నడిపారనుకోండి. ప్రమాదం జరిగితే పోలీసులు ముందుగా తట్టేది రికార్డులో ఉన్న ఇంటి తలుపునే. తెల్లకాగితం మీద రాసి అమ్మేసినవాళ్లకూ ఇదే తిప్పలు. చాలా చేతులు మారిన ఓ కారు కేసులో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది అదే. రికార్డులో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వాళ్లే యజమాని, నష్టపరిహారం భారమూ వాళ్లదే. అందుకే అమ్మితే 29, 30 నంబరు ఫారాలు నింపి పేరు మార్పించాలి. రాష్ట్రంలోపలే అమ్మినప్పుడు 14 రోజుల్లోగా రవాణా శాఖకు తెలపాలి. బండి ఇక ఎందుకూ పనికిరాదనుకున్నప్పుడు కూడా 55వ సెక్షన్ ప్రకారం 14 రోజుల్లోగా చెప్పి రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకోవాలి. ఈ రెండో సంగతి తెలిసినవాళ్లు చాలా తక్కువ.

ఇతర దేశాలు ఏం చేస్తున్నాయి?

బ్రిటన్‌లో వదిలేసిన వాహనాన్ని తీయడం స్థానిక కౌన్సిల్ బాధ్యత. 1978 నాటి చట్టం ఆ పని ఎవరిదో తేల్చేసింది. ‘నాది కాదు, నీది’ అన్న వాదులాటకు తావు లేదు. వదిలేసినవారికి 2,500 పౌండ్ల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు.

జపాన్‌ది మరో దారి. 2005 నుంచి అక్కడ కారు కొన్నప్పుడే, చివరికి దాన్ని తుక్కు చేయడానికి అయ్యే రుసుమూ కట్టించుకుంటున్నారు. డబ్బు ముందే కట్టాక కారును అడవిలో పారేయడంలో లాభమేముంది?

మన దగ్గరా కదలిక వచ్చింది. 2021లో కేంద్రం వాహనాల తుక్కు విధానం తెచ్చింది. గుర్తింపు పొందిన తుక్కు కేంద్రంలో బండి అప్పగిస్తే డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తారు. దాంతో కొత్త బండి కొంటే సొంత వాహనానికి 25 శాతం, వాణిజ్య వాహనానికి 15 శాతం వరకు పన్ను రాయితీ ఇచ్చే వీలుంది. ఎంతన్నది ఆయా రాష్ట్రాల ఇష్టం. 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త పర్యావరణ నిబంధనలు మరో అడుగు ముందుకేశాయి. కాలం తీరిన బండిని 180 రోజుల్లోగా తుక్కు కేంద్రానికో, కంపెనీ పెట్టిన సేకరణ కేంద్రానికో చేర్చాల్సింది యజమానే. తయారు చేసిన కంపెనీకీ వాటా బాధ్యత పెట్టారు.

మీ వీధిలో ఉంటే...

* ముందు ఇరుగుపొరుగును అడగండి. సగం బండ్ల యజమానులు ఆ వీధిలోనే ఉండొచ్చు. గొడవ పడకుండా మంచిగా చెప్పి చూడండి.

* నంబరు ప్లేటు, స్థలం గుర్తు తెలిసేలా ఫొటో తీసి స్థానిక ఠాణాకో, ట్రాఫిక్ పోలీసులకో రాసివ్వండి. కార్పొరేషన్‌కూ ఓ కాపీ ఇచ్చి రసీదు తీసుకోండి. కాలనీ సంఘం తరఫున ఇస్తే ఇంకా మంచిది.

* కొత్తగా వచ్చి ఆగి, ఎవరూ దిగని, లోపల సంచులో వైర్లో కనిపించే బండైతే ముట్టుకోవద్దు. దూరంగా జరిగి 112కు ఫోన్ చేయండి.

* మీరే తాళం పగలగొట్టడం, భాగాలు విప్పి అమ్మడం చేయొద్దు. అది దొంగతనం కిందికి వస్తుంది.

* పిల్లలకు గట్టిగా చెప్పండి, ఏ కారూ ఆటస్థలం కాదని. పిల్లాడు కనిపించకపోతే వీధిలోని బండ్లలోనూ వెతకండి.

* మీ సొంత కారు వాడకపోయినా తాళం వేసే ఉంచండి. తాళంచెవి పిల్లలకు అందకూడదు.

ఒక్క బండిని వీధిలోంచి తీయడానికి పోలీసులు, కార్పొరేషన్, రవాణా శాఖ, ఒక్కోసారి కోర్టు, చివరికి వేలంపాటవాళ్లు అందరూ కదలాలి. నెలలు పడుతుంది. అదే పనిని యజమాని ఒక్క పూటలో చేయొచ్చు. తుక్కు కేంద్రానికి ఫోన్ చేసి, కాగితాలిచ్చి, సర్టిఫికెట్ తెచ్చుకుంటే చాలు.

మొదటి బండి ఇంటికొచ్చిన రోజు గుర్తుందా? పసుపు కుంకుమ పెట్టాం, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాం, వీధంతా మిఠాయి పంచాం. ఏళ్ల తరబడి మనల్ని మోసిన ఆ బండిని దాని చివరి మజిలీదాకా సాగనంపే బాధ్యత కూడా మనదే కదా!