‘అనిపిస్తోంది’ని స్పానిష్‌లో ఏమంటారు?

ఆంధ్రప్రదేశ్‌లో స్పానిష్ భాషతో బాగా పని పడే ఊరు ఏది అంటే చాలామంది విశాఖపట్నమో, విజయవాడో అంటారు. అసలు జవాబు అనంతపురం. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఈ కరువు నేలకి వచ్చి, 2009లో కన్నుమూసేదాకా ఇక్కడివాడిగానే బతికారు. ఆయన, ఆయన భార్య ఆన్ ఫెర్రర్ కలిసి నిలబెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టుని ఇక్కడ అందరూ ఆర్డీటీ అనే పిలుస్తారు. స్పెయిన్‌లోని ఎన్నో కుటుంబాలు ఈ పల్లెల్లోని పిల్లల చదువుకి డబ్బు పంపుతాయి. పిల్లలు తెలుగులో ఉత్తరం రాస్తే అది స్పానిష్‌లోకి మారి సముద్రాలు దాటుతుంది. చూడ్డానికి వచ్చే స్పెయిన్ అతిథుల పక్కన దుబాసీ ఉండాల్సిందే. అందుకే ఆ సంస్థ పల్లెటూరి డిగ్రీ పిల్లలకి స్పానిష్, ఫ్రెంచి, జర్మన్ లాంటివి నేర్పే బడి కూడా నడుపుతోంది.

ఇంగ్లీషు సరిగా రాని మనకి మూడో భాష ఎక్కడొస్తుందిలే అని వెనకాడే పిల్లలు చాలామంది ఉంటారు. అలాంటివాళ్ళ కోసం ఈ వారం ఒక్క క్రియ తీసుకుందాం. పేరు ‘పరెథేర్’. ‘థ’ని థాంక్స్‌లో పలికినట్టు పలకాలి. లాటిన్ అమెరికాలో అయితే ‘పరెసేర్’ అంటారు. స్పెయిన్ పలుకుబడి గుర్తుండాలంటే అనంతపురంవాళ్ళకి ఓ సులువు ఉంది. మనం విన్సెంట్ అనే పేరుని ఆ దేశంలో ‘బిథెంతె’ అంటారు. ఆ ‘థ’నే ఇదీ.

ఈ క్రియ రెండు పనులు చేస్తుంది. పైకి ఎలా కనిపిస్తోందో చెబుతుంది, మనసుకి ఏమనిపిస్తోందో కూడా చెబుతుంది. మొదటిదానికి ఈ జిల్లాలో రోజూ వినపడే మాటే ఉదాహరణ. మబ్బు పట్టగానే అరుగు మీద పెద్దాయన “వానొచ్చేట్టుండాదప్పా” అంటాడు కదా! స్పానిష్‌లో “పరేథె కె బా అ యోవేర్”. ఇంగ్లీషులో ఇదే చెప్పాలంటే ముందు ఒక ‘ఇట్’ని తెచ్చి నిలబెట్టాలి. ఎవరా ‘ఇట్’ అంటే ఎవరూ కాదు, ఉత్త దిష్టిబొమ్మ. తెలుగుకి అది అక్కర్లేదు, స్పానిష్‌కీ అక్కర్లేదు.

రెండో పని ఇంకా బాగుంటుంది. ‘నాకు అనిపిస్తోంది’ అనడానికి “మె పరేథె”. ‘మె’ అంటే నాకు. నీకైతే ‘తె’, ఆయనకైతే ‘లె’, మాకైతే ‘నోస్’. క్రియ మాత్రం అనిపించే మనిషిని బట్టి మారదు, ఏది అలా అనిపిస్తోందో దాన్ని బట్టి మారుతుంది. ఈ మామిడిపండు పుల్లగా అనిపిస్తోంది అంటే “ఎస్తె మాంగొ మె పరేథె ఆగ్రియొ”. పళ్ళు అనిపిస్తున్నాయి అంటే “ఎస్తోస్ మాంగోస్ మె పరేథెన్ ఆగ్రియోస్”. మన ‘అనిపిస్తోంది’, ‘అనిపిస్తున్నాయి’ చేసే పనే ఇది. ఇంగ్లీషువాడికి ఈ పాఠం తల తిరుగుడు, ఎందుకంటే వాడి భాషలో ‘ఐ థింక్’ అని ‘నేను’తోనే మొదలవ్వాలి. తెలుగు మీడియం పిల్లకి ఇది పుట్టినప్పటినుంచీ వచ్చిన వాక్యం. ఇంగ్లీషు మీదుగా తిరిగి వెళ్ళడం మానేసి నేరుగా తెలుగులోంచి వెళ్తే దారి దగ్గర. స్పానిష్ పుస్తకాలన్నీ ఇంగ్లీషువాళ్ళ కోసం రాసినవి కావడంతో ఈ సంగతి మనకి ఎవరూ చెప్పరు, అంతే.

ఇంగ్లీషు మీదుగా వెళ్తే జరిగే తప్పు ఒకటి చూడండి. ‘ఐ’కి ‘యొ’ అని పెట్టేసి “యొ పరెథ్కొ...” అని మొదలుపెడతారు. దానర్థం ‘నాకు అనిపిస్తోంది’ కాదు, ‘నేను అలా కనిపిస్తున్నాను’. “పరెథ్కొ కన్సాదొ” అంటే నేను అలసిపోయినవాడిలా కనిపిస్తున్నాను అని.

వర్తమాన కాలంలో రూపాలన్నీ ఒకసారి బయటికి చదువుకోండి: పరెథ్కొ, పరేథెస్, పరేథె, పరెథేమోస్, పరెథేయిస్, పరేథెన్. ‘నేను’తో వచ్చే మొదటి రూపంలోనే ‘క’ దూరింది, మిగతావన్నీ బుద్ధిగానే ఉన్నాయి. గతానికి రెండున్నాయి. ఒక్కసారి కలిగిన అభిప్రాయమైతే ‘పరెథియో’, అప్పట్లో అలా కనిపిస్తూ ఉండేది అంటే ‘పరెథీయా’.

తెలుగు సాయం ఇక్కడిదాకానే. ‘మీ అమ్మ పోలికే నీది’ అనాలంటే “తె పరేథెస్ అ తు మాద్రె”. ఇందులోని ‘తె’ నీకు కాదు. పోలిక చెప్పేటప్పుడు క్రియతోపాటు వచ్చే తోక అది. “మె పరెథ్కొ అ మి పాద్రె” అంటే నాది నాన్న పోలిక. మె పరేథె, మె పరెథ్కొ... చెవికి దగ్గర, అర్థానికి దూరం. దీన్ని బట్టీ పట్టాల్సిందే.

ఇంకో ఇబ్బంది ‘లేదు’తో. ‘వాన వస్తుందనిపిస్తోంది’, ‘వాన వస్తుందనిపించడం లేదు’. మనకి రెండింటిలోనూ ‘వస్తుందని’ మారలేదు. స్పానిష్‌లో మారుతుంది. వాన పడుతుంది అనడానికి ‘యుఏబె’. ముందు ‘నొ మె పరేథె కె’ వచ్చిందంటే అది ‘యుఏబా’ అయిపోతుంది. నమ్మకం లేని మాటకి వేరే రూపం అన్నమాట. ‘రాదనిపిస్తోంది’ అని తిప్పి చెబితే, “మె పరేథె కె నొ బా అ యోవేర్”, ఈ గొడవ ఉండదు. కొత్తలో ఇలా తప్పించుకోవచ్చు.

ఇంత పట్టింపు ఎందుకంటారా? దుబాసీ పనిలో ఈ క్రియే చాలాసార్లు మాట నిలబెడుతుంది. రైతు “ఈసారి సెనక్కాయ పోయేట్టుండాది సార్” అంటాడు. దాన్ని ‘పంట పోయింది’ అని చెప్పేస్తే విన్న స్పెయిన్ అతిథి అదే నిజమనుకుని రాసుకుంటాడు. రైతు ఇంకా ఒక్క వాన కోసం చూస్తూనే ఉన్నాడు, పోయిందని ఆయన అనలేదు. ఆస్పత్రిలో ఇది మరీ ముఖ్యం. ‘జ్వరం ఉంది’ అంటే ‘తియేనె ఫియేబ్రె’. ‘జ్వరం ఉన్నట్టుంది’ అంటే ముందు ‘పరేథె కె’ చేరాలి. తల్లి ఒళ్ళు పట్టి చూసి చెప్పిందా, థర్మామీటరు పెట్టి చెప్పిందా అన్నది డాక్టరుకి ఆ రెండు మాటల్లోనే తెలుస్తుంది. ఇక ‘పోయిందంట’ అని ఎవరో చెప్పింది చెబితే, దానికి “దీథెన్ కె” వాడాలి, అంటే ‘అంటున్నారు’. ఈ మూడింటినీ కలిపేసే దుబాసీ ఎంత గడగడా మాట్లాడినా నాకు పనికొచ్చేవాడిలా అనిపించడు.

చివరగా మర్యాద సంగతి. “కె తె పరేథె?” అంటే ‘నీకెట్లా అనిపిస్తోంది, ఏమంటావ్?’ అని. స్పెయిన్‌వాళ్ళు పెద్దవాళ్ళతో కూడా చనువుగా ‘తె’ వాడేస్తారు. మన పిల్లలకి తాత వయసు మనిషిని అలా అడగాలంటే నోరు రాదు. రానక్కర్లేదు కూడా, ‘లె’ ఉందిగా. ఉత్తరంలో పిల్ల “మా ఊరు మీకెట్లా అనిపించింది?” అని రాస్తే, “కె లె పరెథియో నువేస్త్రొ పుయేబ్లొ?” అని పంపండి. ‘తె’ పెట్టమని అవతలివాళ్ళే రాస్తే అప్పుడు మార్చుకోవచ్చు.