తాటాకుల కట్టలో దాగిన గొంతు

ఇంట్లో కంప్యూటర్ మీద పాటో, కథో, పెద్దవాళ్ళ ముచ్చట్లో రికార్డు చేసుకోవాలనుకునేవారు ముందుగా చూసేది సాఫ్ట్‌వేర్‌లో ఎన్ని హంగులున్నాయనే. కానీ అంతకన్నా ముందు చూడాల్సింది, అది మన ధ్వనిని ఎలా దాస్తుందన్నది. ఎకో లేకపోయినా పని గడుస్తుంది, గొంతే పోతే తిరిగి రాదు. ఆడాసిటీ అనే రికార్డింగు సాఫ్ట్‌వేర్ పుట్టుపూర్వోత్తరాలు చూస్తే ఈ మాట ఎందుకంటున్నానో తెలుస్తుంది. 1999లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో డొమినిక్ మజోని, రోజర్ డానెన్‌బర్గ్ దీన్ని మొదలుపెట్టారు. 2000 మే నెలలో ఉచితంగా, సోర్స్ కోడ్‌తో సహా జనంలోకి వచ్చింది.

సీడీ నాణ్యత ధ్వని అంటే సెకనుకు 44,100 కొలతలు, ఒక్కో కొలతకు 16 బిట్లు. స్టీరియోలో నిమిషానికి సుమారు 10 మెగాబైట్లు, గంటకు 600 పైనే. అంత పొడవైన ఫైలు మొదట్లో ఒక్క దగ్గును కత్తిరించినా, తర్వాతి కొలతలన్నిటినీ ముందుకు జరిపి మళ్ళీ రాయాలి. ఆ రోజుల కంప్యూటర్లకు అది మోయలేని పని. మజోని, డానెన్‌బర్గ్ ధ్వనిని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి, వాటి వరుసను విడిగా రాసిపెట్టారు. తాటాకు గ్రంథంలో మధ్య ఆకు ఒకటి తీసేస్తే మిగతావి తిరగరాయనక్కర్లేదు కదా, ఇదీ అంతే. కోత పడ్డచోట ఉన్న ముక్కలే మారతాయి. తీసేసిన ముక్క కూడా అక్కడే ఉంటుంది గనుక ఎన్ని అడుగులైనా వెనక్కి వెళ్ళొచ్చు. అయితే ప్రాజెక్టు మూసేస్తే ఆ వెనక్కి వెళ్ళే దారి మూసుకుపోతుంది. ఇది చాలామంది గమనించని సంగతి.

ఆ పద్ధతిలోనే ఒక లోపమూ ఉండేది. ముక్కలన్నీ ఒక ఫోల్డర్‌లో, వరుస రాసిన చిన్న ఫైలు దాని పక్కన ఉండేవి. ఆ చిన్న ఫైలే ప్రాజెక్టు అనుకుని దాన్నొక్కదాన్నే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుంటే, ఆకులన్నీ వదిలేసి విషయసూచిక పట్టుకెళ్ళినట్టే. 2021 మార్చిలో వచ్చిన 3.0 వెర్షన్ అన్నిటినీ ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ సాయంతో ఒకే ఫైలులోకి తెచ్చింది. రాస్తుండగా కరెంటు పోయినా తట్టుకునేలా రూపొందిన డేటాబేస్ అది. ఆ ఒక్క ఫైలూ పాడైతే మొత్తం పోదా అని అడగొచ్చు. పోతుంది. కానీ ఒక ఫైలుకు నకలు తీసుకోవడం తేలిక, వందల ముక్కల్లో ఒకటి తప్పిపోతే కనిపెట్టడం కష్టం. అందుకే ఈ మార్పును నేను మేలుగానే చూస్తాను.

ఉచితంగా వచ్చేదాన్ని నమ్మవచ్చా అన్నది మరో సందేహం. 2021లోనే మ్యూజ్ గ్రూప్ అనే సంస్థ ఆడాసిటీని తీసుకుని, వాడకం వివరాలు సేకరించే ఏర్పాటును ప్రతిపాదించింది. వాడుకరులు గట్టిగా ఎదురుతిరగడంతో ఆ ప్రతిపాదనను విరమించుకుంది. కోడ్ బహిరంగంగా ఉండటం వల్లనే ఏం మారబోతోందో జనానికి ముందే తెలిసింది. కొందరు ఆ కోడ్‌తోనే టెనాసిటీ అనే వేరు శాఖ మొదలుపెట్టగలిగారు. యజమాని మారినా పనిముట్టు మన చేయి దాటిపోదన్న భరోసా ఇక్కడుంది. ఇక రీపర్ వంటి రికార్డింగు సాఫ్ట్‌వేర్లు అసలు రికార్డింగును ముట్టుకోకుండా మార్పులను విడిగా గుర్తుపెట్టుకుంటాయి. పది వాయిద్యాలతో పాట కట్టేవారికి అవే మేలు, ఒప్పుకోవాల్సిందే. ఆడాసిటీకి వింటూనే ఎఫెక్టులు మార్చుకునే వీలు 2022లో 3.2 వెర్షన్‌తో గాని రాలేదు. ఒకటి రెండు గొంతులు పట్టుకోవాల్సిన ఇంటికి మాత్రం ఆడాసిటీ చాలు.

ఏది ఎంచుకున్నా ఒక్క పని మానకండి. రికార్డింగు ఆపగానే, ఒక్క కోత కూడా వేయకముందే, దాన్ని వేవ్ ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి మరో డిస్కులో దాచండి.