ఉప్పుగాలి, పాత బండి, కొత్త రేకు

పామర్రు కూడలినుండి బాటలు నాలుగు వైపుల చీలుచున్నవి. ఒకటి బెజవాడకు, ఒకటి బందరుకు, ఒకటి గుడివాడకు, ఒకటి కూచిపూడి మీదుగా దివిసీమకు. ధాన్యపు బస్తాలు, గడ్డిమోపులు, చేపల పెట్టెలు మోయుచు ఈ బాటలపై రాత్రింబవళ్ళు తిరుగు చిన్న బండ్లను పికప్పులనియు ట్రాలీలనియు పిలుచుచున్నాము. పదునైదేండ్లు దాటినదానిని దగ్గరగా చూడుడు. తలుపు క్రింది రేకున, చక్రముల పైనుండు మడ్‌గార్డు అంచున రంగు బొబ్బలెత్తి యుండును. ఆ బొబ్బ తుప్పునకు ఆరంభము కాదు. లోపలినుండి తినుకొనుచు వచ్చినది అప్పటికి బయటికి చేరినదన్నమాట.

ఇనుము తుప్పు పట్టుటకు నీరు, ప్రాణవాయువు చాలును. ఉప్పు ఆ పనిని త్వరపరచును. ఏలయనగా తుప్పుపట్టుట అతి స్వల్పమైన విద్యుత్ప్రవాహముతో జరుగు రసాయనిక చర్య. ఉప్పునీటిగుండ విద్యుత్తు తేలికగా ప్రసరించును. తుప్పు తాను తినిన ఇనుముకంటె రెండింతలకు మించిన చోటు ఆక్రమించును. అతుకులు విచ్చుకొనుటకు కారణమిదియే. నాగాయలంక, కోడూరు ప్రాంతముల రొయ్యలు మోయు బండిలో మంచు కరగి, ఉప్పునీరు తొట్టి అడుగున కారుచునే యుండును. వడ్లబండికి వేరొక చిక్కు కలదు. నీరు పోవుటకు తలుపుల క్రింద విడిచిన చిన్న రంధ్రములను గడ్డి నలుసులు, కాలువగట్టు మట్టి మూసివేయును. అప్పుడు రేకు తడిగుడ్డ చుట్టిపెట్టినట్లే యుండును.

ఇట్టి చిల్లుపై పుట్టీ మెత్తి, రంగు కొట్టి అమ్మువారు కలరు. అప్పుచేసి పాత బండి కొనువానికి ఇది పెద్ద మోసము; రెండు వానకాలములు గడువక ముందే పుట్టీ పెచ్చులూడును. చిన్న అయస్కాంతమును పలుచని గుడ్డలో చుట్టి రేకు వెంబడి నడిపినచో, పుట్టీ దళసరిగా నున్న చోట అది పట్టదు. కొనుటకు పూర్వము ఈ పరీక్షకు సిగ్గుపడనక్కరలేదు.

రేకు మార్చుటకు ముందు ఛాసీని చూడవలెను. సుత్తితో మెల్లగా తట్టినప్పుడు ఖంగుమని మ్రోగక, పొరలు రాలినచో సంశయింపవలసినదే. కమానుకట్టలు బిగించు చోట్లు, బ్రేకు గొట్టములు మరింత ముఖ్యము. ఛాసీ డొల్లపడిన బండికి కొత్త రేకు తొడుగుట కూలనున్న గోడకు సున్నము వేయుట వంటిది.

ఛాసీ గట్టిదైనచో పని సాధ్యమే. బెజవాడ ఆటోనగరులో దొరకు రేకును తెచ్చుకొనవచ్చును, లేదా టింకరింగు పనివాడు చదును రేకును వంచి చేయును. కోయుట తొందరపడి చేయరాదు. ముందు కొత్త రేకును పాతదానిపై ఆనించి గీతలు గీయవలెను. తుప్పు కనిపించిన మేరకు కాక, మెరయు గట్టి ఇనుము దొరకు మేరకు కోయవలెను. తలుపు బిగించి మూసియుంచియే కొత్త రేకును నిలబెట్టవలెను. తలుపు ఊడదీసి అతికినవారు పిదప అది పట్టక తంటాలు పడుదురు. బండి రేకు మందము సుమారు ఒక మిల్లీమీటరు మాత్రమే. ఏకబిగిన వెల్డింగు చేసినచో అప్పడమువలె వంకరలు పోవును. ఇచ్చట ఒక చుక్క, జానెడు దూరమున మరియొక చుక్క, నడుమ చల్లారనిచ్చుట: ఓపికగల పనివాని పద్ధతి ఇది. బ్యాటరీ తీగలు ముందే విప్పవలెను. డీసిలు తొట్టి దగ్గర పనియైనచో దానిని దింపివేయవలెను. జింకుపూత గల రేకైనచో అతుకువద్ద పూతను గీకివేయవలెను, ఆ పొగ పీల్చినవారికి జ్వరము వచ్చును.

పై రంగు అందరును శ్రద్ధగా వేయించుకొందురు. రేకు బ్రదుకునది మాత్రము లోపలి పూతవలననే. అతుకు లోపలివైపున ప్రైమరు, సందులలో సీలరు, అవి ఆరిన పిదప బోలుభాగములలో మైనపు పూత చిమ్మవలెను. వాడిన ఇంజను నూనె పోయు అలవాటు మనలో కలదు. అది కొంతవరకు పనిచేయును గాని రబ్బరును చెడగొట్టును, కారి చేలపాలగును. నీరు పోవు రంధ్రములను ఏ పూతతోను మూయరాదు.

ఉప్పు సరకు దింపిన నాడే బండి అడుగుభాగమును కడుగవలెను. దివిసీమలో పలుచోట్ల బోరునీరే ఉప్పగా నుండును. అట్టి చోట కాలువనీరు బిందెలతో తెచ్చి పోయుట మేలు.